తారు మిక్సింగ్ ప్లాంటులో హానికర పొగను తగ్గించడం ఎలా?

ముందుగా వేడి తగ్గించాలి. మామూలు ప్లాంటులో కంకరను, తారును సుమారు 150–170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కలుపుతారు. ఆ వేడికి తారులోని హైడ్రోకార్బన్లు ఆవిరై, చల్లగాలి తగలగానే సన్నని తుంపరలుగా మారి కార్మికుల ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

1990లలో ఐరోపాలో రూపుదిద్దుకున్న వార్మ్ మిక్స్ పద్ధతిలో ఈ ఉష్ణోగ్రతను 20–40 డిగ్రీలు తగ్గిస్తారు. అయితే వేడి తగ్గితే తారు చిక్కబడి కంకరకు సరిగా పట్టదు. అందుకే కొద్దిపాటి నీటితో తారును నురగలా పొంగిస్తారు, లేదా ప్రత్యేక మైనం గానీ రసాయనాలు గానీ కలుపుతారు. ఇంధనమూ ఆదా అవుతుంది.

బ్యాగ్ ఫిల్టర్ (ప్లాంటు నుంచి వెళ్లే గాలిని గుడ్డ సంచులతో వడకట్టే పరికరం) ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అది ప్రధానంగా దుమ్మును ఆపుతుంది, తారు ఆవిరిని కాదు. ట్యాంకులకు మూతలు, ఆవిరిని లాగే గొట్టాలు తప్పనిసరి. ఇవేవీ వెంటనే కుదరకపోయినా, అవసరానికి మించి కాచకుండా ఉష్ణోగ్రతను గమనించడం ఈరోజే మొదలుపెట్టవచ్చు.