ఊళ్లోనే తిరిగే డీజిల్ కారుకు డీపీఎఫ్ లైటు ఎందుకు వెలుగుతుంది?

భీమవరంలో ఇంటి నుంచి చేపల చెరువు దాకా రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బీఎస్6 డీజిల్ కారుకు ఈ లైటు వెలిగి, పికప్ తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది నడిపే తీరునే. డీపీఎఫ్ పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్. ఆ మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. చెరువు గట్టు మీద సెకండ్ గేర్‌లో పాకుతూ వెళ్తే అది రాదు.

అందుకే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అదనంగా డీజిల్ కొట్టి వేడి పెంచుతుంది. మధ్యలో బండి ఆపేస్తూ ఉంటే మసి కాలదు సరికదా, మండని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన కొడితే అదే సంగతి. ఆయిల్ పెరిగిందని సంబరపడకండి, పలచబడిన ఆయిల్‌తో టర్బో బేరింగులు అరుగుతాయి. గడువు కోసం చూడకుండా మార్పించండి, మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించండి. ఆయిల్ నుంచి వచ్చి ఫిల్టర్‌లో చేరే బూడిద ఎంత వేడికీ కాలదు.

లైటు నిలకడగా వెలుగుతుంటే తణుకు దగ్గర హైవే ఎక్కి రావులపాలెం వైపు 60-80 వేగంలో, 2,000 ఆర్‌పీఎంకు తగ్గకుండా 20 నిమిషాలు నడపండి. ట్యాంకులో పావు వంతైనా డీజిల్ ఉండాలి. హైవే దిగాక ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు, సైలెన్సర్ వేడికి అంటుకోవచ్చు. చెక్ ఇంజిన్ లైటు కూడా తోడైతే ఈ పరుగు పనికిరాదు, స్కానర్ పెట్టించాల్సిందే.