చైనా పల్లె బడిలో వాలంటీరుగా వెళ్లాలా? యున్నాన్‌లో చదివిన రోజుల నుంచి నా జవాబు

"చైనాలో మారుమూల ఊళ్లలో విరాళాలతో నడిచే స్కూళ్లు ఉంటాయట, ఇండియా నుంచి వెళ్లి ఒక నెల ఇంగ్లీషు చెప్పి రావచ్చా, ఎవరైనా వెళ్లారా" అని అడిగారు కదా, నేను వెళ్లాను. అయితే ఇండియా నుంచి కాదు. నైరుతి చైనాలోని యున్నాన్ ప్రావిన్సులో ఎంబీబీఎస్ చదువుతున్నప్పుడు, మా యూనివర్సిటీలోని చైనీస్ స్టూడెంట్ల వాలంటీర్ టీంతో కలిసి, దాలీ దగ్గర యాంగ్బీ కొండల్లో ఉన్న ఒక ప్రైమరీ స్కూలుకి చాలాసార్లు వెళ్లి వచ్చాను. మీరు అడిగిన పద్ధతిలో అయితే మాత్రం వద్దనే చెప్తాను. చైనాలో ఇప్పటికే చదువుతూనో ఉద్యోగం చేస్తూనో ఉండి, ఒకే బడికి మళ్లీ మళ్లీ వెళ్లగలిగితే తప్పకుండా వెళ్లండి.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంటారు. టూరిస్టు వీసా ఊళ్లు చూడటానికి, పాఠాలు చెప్పడానికి కాదు. "జీతం తీసుకోవట్లేదు కదా" అని అక్కడ పోలీసు స్టేషన్లో వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. ఇంగ్లీషు టీచరుగా వర్క్ పర్మిట్ ఇచ్చేది ఎక్కువగా అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలవాళ్లకి, మన పాస్‌పోర్టుతో కష్టం. పైగా 2017 జనవరి నుంచి విదేశీ ఎన్జీవోల మీద కొత్త చట్టం వచ్చింది, ఇప్పుడు ఆ సంస్థలు రిజిస్టర్ చేసుకోవాల్సింది పోలీసు శాఖ దగ్గర. కాబట్టి ఎవరైనా ఏజెంటు "ఫీజు కట్టండి, చైనా పల్లెలో వాలంటీరింగ్ ఇప్పిస్తాం" అంటే వాళ్ల రిజిస్ట్రేషన్ ఏంటో, మీకు ఏ వీసా ఇప్పిస్తారో అడగండి, రెండో ప్రశ్నకే ఫోన్ పెట్టేస్తారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లయినా సొంతంగా బయల్దేరకూడదు, యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకోవాలి. హోటల్లో కాకుండా బయట ఎక్కడ రాత్రి ఉన్నా 24 గంటల్లోపు ఆ ఏరియా పోలీసు స్టేషన్లో పేరు నమోదు చేయించుకోవాలి. మా హెడ్‌మాస్టరు నన్ను ప్రతిసారీ బైకు మీద కింద టౌనుకి తీసుకెళ్లి ఆ పని చేయించి తెచ్చేవారు. నేను వెళ్లడం వల్ల ఆయనకి పడిన మొదటి అదనపు పని అదన్నమాట.

ఇక "విరాళాలతో నడిచే స్కూలు" అన్న మాట. ఏదో అనాథాశ్రమంలా పూర్తిగా దాతల డబ్బుతో నడుస్తుందని అనుకుంటాం. ఎక్కువచోట్ల అలా ఉండదు. 1989లో చైనా యూత్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వాళ్లు ప్రాజెక్ట్ హోప్ అని మొదలుపెట్టారు, మరుసటి ఏడాది అన్హుయ్ ప్రావిన్సు జిన్‌ఝాయ్ కౌంటీలో మొదటి హోప్ స్కూలు వచ్చింది. 2019 నాటికి అలాంటివి 20 వేలకు పైగా కట్టారు, 1,500 కోట్ల యువాన్లకు పైగా విరాళాలు వచ్చాయి. దాత డబ్బుతో లేచేది బిల్డింగు. టీచర్ల జీతాలు, సిలబస్, పరీక్షలు అన్నీ ప్రభుత్వానివే. 2007 నుంచి దేశమంతా పల్లెల్లో తొమ్మిదో తరగతి దాకా ఫీజు కూడా లేదు. అందుకే గేటు మీద దాత పేరు రాసిన పలక ఉన్నా లోపల అది మామూలు సర్కారు బడే. చైనాలో చదివిన మనవాళ్లకి యూనివర్సిటీల్లో "యీఫూ బిల్డింగ్" అని కనపడుతుంటుంది చూడండి, అవి హాంకాంగ్ సినీ వ్యాపారి రన్ రన్ షా (చైనీస్ పేరు షావ్ యీఫూ) డబ్బుతో కట్టినవి, పల్లె బడులకీ ఆయన అలాగే ఇచ్చారు.

మా బడికి అయితే తరగతి గదులు, పిల్లల హాస్టలు విరాళాలతో వచ్చినవి. గోడలు బాగున్నాయి, బల్లలు బాగున్నాయి, ప్రొజెక్టర్ కూడా ఉంది. లేనిది మనుషులు. లెక్కలు చెప్పే సారే పీఈటీ, రాత్రి హాస్టల్ వార్డెను కూడా. సిలబస్ ప్రకారం మూడో తరగతి నుంచి ఇంగ్లీషు ఉండాలి, పుస్తకాలు వచ్చి ఉన్నాయి, చెప్పేవాళ్లే లేరు. కొత్తగా వచ్చే టీచర్లు ఎక్కువగా 2006లో మొదలైన ప్రత్యేక నియామకాల పథకం కింద మూడేళ్లకి వచ్చినవాళ్లు, మూడేళ్లు కాగానే కింద టౌనుకి బదిలీ కోసం చూస్తారు. వాళ్లని తప్పుపట్టలేం, ఇరవై మూడేళ్ల అమ్మాయి ఆ కొండ మీద ఎన్నాళ్లు ఉంటుంది చెప్పండి. అదే యున్నాన్‌లో హువాపింగ్ అనే ఊళ్లో ఝాంగ్ గుయ్‌మెయ్ అనే టీచరమ్మ పేద ఆడపిల్లల కోసం ఉచిత హైస్కూలు పెట్టాలని సెలవుల్లో ప్రావిన్సు రాజధాని కున్‌మింగ్ వీధుల్లో చందాలు అడిగారు. మోసగత్తె అని తిట్టారట జనం. చివరికి 2008లో స్కూలు తెరిచాక మొదట చేరిన 17 మంది టీచర్లలో 9 మంది కొన్ని నెలలకే వెళ్లిపోయారు. అంత పట్టుదల ఉన్న మనిషి దగ్గరే అలా జరిగింది. ఈ మొత్తం కథలో బిల్డింగు కట్టడమే సులువైన భాగమని నాకు అక్కడే అర్థమైంది.

ఇప్పుడు పిల్లల గురించి, ఇక్కడ కొంచెం పొడుగ్గా రాస్తాను. మా బడిలో ఎక్కువమంది "యీ" (Yi) అనే తెగ పిల్లలు. ఇంట్లో తాతానాయనమ్మలతో "యీ" భాష, బజారులో యున్నాన్ యాస చైనీస్, బడిలో టీవీలో వినే ప్రామాణిక చైనీస్. ఇంగ్లీషు వాళ్లకి నాలుగో భాష, నేను దాన్ని నాకొచ్చిన అంతంతమాత్రం చైనీస్‌లో చెప్పాలి. అమ్మానాన్నలు గ్వాంగ్‌డాంగ్‌లోనో ఝెజియాంగ్‌లోనో ఫ్యాక్టరీల్లో ఉంటారు, చైనీస్ కొత్త సంవత్సరానికి వస్తారు. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు కదా అని నేనూ అడిగాను. చదువు, చివర్లో రాసే కాలేజీ ఎంట్రన్సు పరీక్ష అన్నీ సొంతూరి రిజిస్ట్రేషన్‌తో ముడిపడి ఉంటాయి, సిటీలో చేర్చినా ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి పంపాల్సిందే. పాలమూరు నుంచో సిక్కోలు నుంచో వలసపోయినవాళ్ల ఇళ్లు చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఇలా ఊళ్లో వదిలేసిన పిల్లలు 6 కోట్లకు పైగా అని 2013లో అక్కడి మహిళా సమాఖ్య అంచనా వేసింది. 2016లో ప్రభుత్వం 90 లక్షలు అంది, కానీ అది నిర్వచనం బాగా కుదించి లెక్కేసిన సంఖ్య.

2001 తర్వాత చిన్న ఊళ్ల బడులు మూసేసి పెద్ద ఊళ్లలో కలిపేశారు, 2012లో గానీ దానికి బ్రేక్ పడలేదు. దాంతో ఏడేళ్ల పిల్లలు కూడా హాస్టల్లో ఉంటారు. మేము వెళ్లే దారిలో లోయలో ఒక పాత హోప్ స్కూలు ఉండేది, దాత పేరు గోడ మీద అలాగే ఉంది, అరుగు మీద మాత్రం అక్రోటు (వాల్‌నట్) కాయలు ఆరబోసి ఉండేవి. యాంగ్బీ అక్రోట్లకి పేరున్న చోటు లెండి. సెప్టెంబరులో కాయ దులిపే రోజుల్లో తరగతిలో సగంమంది చేతులు నల్లగా ఉంటాయి, ఆ పచ్చి తొక్క మరక వారాలపాటు పోదు.

హాస్టలు పిల్లలు శుక్రవారం మధ్యాహ్నం కొండలు ఎక్కి ఇళ్లకి పోతారు, ఆదివారం సాయంత్రం తిరిగొస్తారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే సిటీ నుంచి వాలంటీర్లు ఖాళీ ఉండే శనివారం బయల్దేరతారు, అప్పుడు బడిలో ఉండేది కుక్క, వాచ్‌మన్ మాత్రమే. మేము సెమిస్టర్ మొదట్లో క్లాసులు తక్కువున్న వారాలు చూసుకుని, బుధ, గురువారాలు పడేలా వెళ్లేవాళ్లం. ఒక్కోసారి వేసవిలో ఎక్కువ రోజులు ఉన్నాం, అప్పుడు సెలవులు కాబట్టి దగ్గరి ఊళ్ల పిల్లలే వచ్చేవాళ్లు.

పాఠం చెప్పడంలో నా వల్ల జరిగిన మేలు ఎంత అంటే, చాలా తక్కువ. ఇది వినయం కోసం అంటున్నది కాదు. రెండు రోజులు "హెడ్, షోల్డర్స్" అంటూ గెంతించి వెళ్లిపోతే పిల్లలు సంతోషిస్తారు, మూడో రోజు వాళ్ల టీచరు క్లాసుని మళ్లీ దారిలో పెట్టుకోవడానికి వారం పడుతుంది. ఒక టీచరమ్మ నాతో సూటిగానే అన్నారు, "మీరు కొత్త పాఠం మొదలుపెట్టొద్దు, నేను చెప్పింది చదివించండి చాలు" అని. అప్పట్నుంచి నేను ఆవిడ అసిస్టెంటుని. వెనకబడిన నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల పుస్తకమే చదివించడం, నోటుబుక్కులు దిద్దడం, రాత్రి హోంవర్కు గంటలో కూర్చోవడం. ఫోటోలకి పనికొచ్చే పని కాదు, కానీ ఆ గంటన్నరలో ఆవిడ కాసేపు పడుకోగలిగేవారు.

నిజంగా పనికొచ్చింది కళ్ల పరీక్ష. కౌంటీ ఆసుపత్రి నుంచి కంటి డాక్టరు వచ్చినప్పుడు మా మెడికోలం చార్టు పట్టుకుని లైను నడిపించాం. అక్కడ చార్టు మీద వేరే అక్షరాలు ఉండవు, నాలుగు వైపులా తిరిగిన ఇంగ్లీషు "E" గుర్తులే, ఎటు తిరిగిందో పిల్లవాడు చెయ్యి చూపిస్తే చాలు, ఒకటో తరగతివాడూ చేయగలడు. చదవడం రాదని, మొద్దు అని వెనక బెంచీలో వేసిన ఒక పిల్లకి బోర్డే కనిపించట్లేదని ఆ రోజు తేలింది. అద్దాలు వచ్చినా నాయనమ్మలు పెట్టుకోనివ్వరు, చిన్నప్పుడే అద్దాలు పెడితే కళ్లు ఇంకా పాడవుతాయని వాళ్ల నమ్మకం, ఆ పిల్ల నాయనమ్మకి నచ్చజెప్పడానికి టీచరే ఇంటికి వెళ్లారు. షాన్‌షీ, గాన్సు పల్లె బడుల్లో పిల్లలకి ఉచితంగా అద్దాలిచ్చి చూస్తే లెక్కల్లో మార్కులు పెరిగాయని 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక పరిశోధన కూడా వచ్చింది. ఇంగ్లీషు పాటల కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. చలికాలంలో మేము చూసిన రెండో సమస్య చిల్‌బ్లెయిన్స్, అంటే చలికి వేళ్లు వాచి, ఎర్రబడి, పగలడం. యున్నాన్‌లో బిల్డింగులకి హీటింగ్ ఉండదు, పిల్లలు చల్లటి నీళ్లతోనే గిన్నెలు కడుక్కుంటారు. వేణ్ణీళ్ల ట్యాంకు ఒకటి పెట్టిస్తే సగం సమస్య తీరుతుంది.

ఇక్కడే విరాళాల గురించి నాకు కోపం వచ్చే విషయం ఉంది. ఒక కంపెనీ వాళ్లు డిసెంబరులో బ్యాగులు, జాకెట్లు తెచ్చారు, మంచిదే, కానీ బ్యానరు పట్టుకుని ఫోటో దిగడానికి పిల్లల్ని గ్రౌండులో చాలాసేపు నిలబెట్టారు. జాకెట్లు మాత్రం ఫోటో అయ్యాకే పంచారు. బ్యాగులు అప్పటికే ఒక్కొక్కరికి రెండేసి ఉన్నాయి. పాత బట్టల మూటలైతే స్టోర్ రూములో ఎలుకలపాలు. అడిగి ఇచ్చేవాళ్లు తక్కువ. దీనికి పూర్తి భిన్నంగా జరిగింది మధ్యాహ్న భోజనం విషయంలో. 2011లో డెంగ్ ఫే అనే జర్నలిస్టు, ఇంకొంతమంది కలిసి పిల్లాడికి రోజుకి 3 యువాన్ల చొప్పున విరాళాలతో ఉచిత భోజనం మొదలుపెట్టారు, అదే ఏడాది ప్రభుత్వం కూడా పేద కౌంటీల్లో రోజుకి 3 యువాన్లతో పథకం తెచ్చింది. 2014లో 4, 2021లో 5 యువాన్లు చేశారు. మన దగ్గర 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక వండిన భోజనం పెట్టడం మొదలైంది కాబట్టి ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకంటే ముందున్నాం అని నేను అక్కడ కాస్త గొప్పలు చెప్పుకునేవాణ్ణి. "మరి గుడ్డు రోజూ పెడతారా" అని వంటావిడ అడిగేసరికి మాట మార్చేశాను.

తిండి, వసతి త్వరగా చెప్పేస్తా. అన్నం, బంగాళాదుంప, ఊరగాయ ఆకుకూర, ఎండుమిరప కారం ఉంటాయి కాబట్టి ఆంధ్రావాళ్లు ఆకలితో పడుకోరు. శాకాహారులకి మాత్రం ఇబ్బంది, కూర కూడా పంది కొవ్వులోనే వేయించవచ్చు, ముందే చెప్పాలి. మరుగుదొడ్డి గ్రౌండు చివర ఉంటుంది, మధ్యలో అడ్డుగోడలు సగం ఎత్తే, తలుపులు ఉండవు. స్నానం సోలార్ హీటరు దయ, మబ్బు పడితే లేదు. టార్చి, దళసరి సాక్సులు, సొంత మందులు తీసుకెళ్లండి. చాక్లెట్లు పంచకండి, పంచాలనిపిస్తే టీచరు చేతికి ఇవ్వండి. పిల్లల ముఖాలు కనపడే ఫోటోలు మీ స్టేటస్‌లో పెట్టే ముందు హెడ్‌మాస్టర్ని అడగండి.

"మళ్లీ ఎప్పుడొస్తారు" అని ప్రతిసారీ అడుగుతారు, ఆ ప్రశ్నకి తేదీ చెప్పలేకపోతే "త్వరలో" అని మాత్రం అనకండి. క్యాలెండర్లో గీతలు పెట్టుకునే పిల్లలున్నారు.

ఇండియాలోనే ఉండి ఏదైనా చేయాలని ఉంటే, చైనీస్ రాకుండా, సరైన వీసా లేకుండా అంత దూరం పెట్టే టికెట్ డబ్బు మీ మండలంలో సింగిల్ టీచర్ స్కూలుకి ఇంకా బాగా ఉపయోగపడుతుంది. ఇప్పటికే చైనాలో చదువుతున్నవాళ్లైతే మీ యూనివర్సిటీలో యూత్ లీగ్ (కమ్యూనిస్టు పార్టీ యువజన విభాగం) వాళ్ల వాలంటీర్ గ్రూపు ఉంటుంది, వేసవి పల్లె ట్రిప్పులు వాళ్లే ప్లాన్ చేస్తారు, మార్చి, ఏప్రిల్‌లోనే అడిగి పేరు ఇవ్వండి. ఏ ప్రావిన్సులో ఉన్నారో, చైనీస్ ఎంత వచ్చో కింద రాయండి, పర్మిషన్ లెటరు ఎలా అడగాలో చెప్తాను.