లా చదువుకు అప్పు: కిస్తీ ముందొస్తుంది, సంపాదన వెనకొస్తుంది

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర నాకు పురుగుమందుల దుకాణం ఉంది. ఏడాదికి 6 లక్షల ఆదాయం. మా అమ్మాయికి లా ఎంట్రెన్స్ క్లాట్‌లో ర్యాంకు వచ్చి హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ సీటు దొరికింది. హాస్టల్‌తో కలిపి మొత్తం 16 లక్షలు అయ్యేట్టుంది. 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, కాజీపేటలో ఒక ప్లాటు ఉన్నయి. ప్లాటు తనఖా పెట్టి మొత్తం లోన్ తీసుకోవాల్నా? అమెరికాలో పదేళ్లు సర్కారు కొలువు చేస్తే లా చదువు అప్పు మాఫీ చేస్తరట, ఇక్కడ కూడా అట్లాంటిది ఉంటది కనుక్కో అని మా బావమరిది అంటున్నడు. కోర్టులో ప్రాక్టీసు చేసి, తర్వాత జడ్జి పరీక్ష రాయాలని అమ్మాయి కోరిక.

జవాబు: ముందుగా అమ్మాయికి అభినందనలు. ప్లాటు జోలికి పోకండి. అప్పు 10 లక్షలు దాటనివ్వకండి. మిగతా 6 లక్షలకు డిపాజిట్ ఉంది కదా.

మీ బావమరిది చెప్పిన పథకం అమెరికాలో నిజంగానే ఉంది. 2007లో వచ్చింది. ప్రభుత్వంలోనో లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలసరి కిస్తీలు కడితే మిగిలిన బాకీ రద్దవుతుంది. అది అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన అప్పులకే. మన బ్యాంకుల విద్యా రుణానికి అలాంటి మాఫీ లేదు. ఇక్కడ దొరికేది చదువుకునే కాలంలో వడ్డీ మీద సాయం మాత్రమే. మాఫీ వస్తుందన్న ఆశతో లెక్క వేసుకుంటే మీరే ఇబ్బంది పడతారు.

ఆ వడ్డీ సాయం పేరు పీఎం విద్యాలక్ష్మి. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించింది. కేంద్రం ఏటా ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ముందున్న విద్యాసంస్థలకు వర్తిస్తుంది, లా విభాగంలో నల్సార్ పైవరుసలోనే ఉంటుంది. దీని కింద తనఖా, మూడోమనిషి పూచీకత్తు అడగరు, తండ్రిగా మీరు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు రుణంపై చదువు కాలం, ఆపైన ఒక ఏడాది 3 శాతం వడ్డీని కేంద్రమే భరిస్తుంది. నేను 10 లక్షల దగ్గర గీత గీసింది అందుకే. దేశం మొత్తానికి ఏడాదికి లక్ష మందికే ఈ సాయం కాబట్టి ఆలస్యం చేయకండి. అమ్మాయి మధ్యలో చదువు మానేస్తే సాయం ఆగిపోతుంది. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవారికి ఇది రాదు. మీ ఆదాయానికి రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎలాగూ వర్తించదు కాబట్టి ఆ చిక్కు మీకు లేదు.

ఇక లెక్క. ఏటా 2 లక్షల చొప్పున ఐదుసార్లు తీసుకున్నారనుకుందాం, వడ్డీ 9.5 శాతం. చదువు ఐదేళ్లు, ఆపైన మారటోరియం, అంటే కిస్తీ కట్టక్కర్లేని గడువు, ఏడాది. ఈ ఆరేళ్లూ బారువడ్డీయే, అయినా ఏమీ కట్టకపోతే 3.8 లక్షలు పేరుకుంటుంది. 10 లక్షల అప్పు 13.8 లక్షలవుతుంది. పదేళ్ల కిస్తీ నెలకు దాదాపు 17,860 రూపాయలు. అదే వడ్డీని ఏ నెలకానెల కట్టేస్తే అసలు 10 లక్షల దగ్గరే ఉంటుంది, కిస్తీ 12,940కి దిగుతుంది. ఇలా కట్టాల్సిన వడ్డీ మొదటి ఏడాది నెలకు 1,583 రూపాయలే, ఐదో ఏడాదికి 7,917 అవుతుంది. 3 శాతం సాయం వస్తే ఇందులో దాదాపు మూడో వంతు తగ్గుతుంది. చదువు కాలంలో వడ్డీ కట్టేవారికి చాలా బ్యాంకులు ఒక శాతం వరకు రాయితీ ఇస్తాయి, శాంక్షన్‌కు ముందే అడగండి.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. ఇంజినీరింగ్ పిల్లలకు ఏడాది మారటోరియం సరిపోవచ్చు, కోర్టు దారి పట్టే లా పిల్లలకు సరిపోదు. బార్ కౌన్సిల్‌లో వకీలుగా ఎన్‌రోల్ అవ్వడానికి ఖర్చు పెద్దది కాదు, ఫీజు 750 రూపాయలు మించకూడదని (ఎస్సీ, ఎస్టీలకు 125) సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కానీ సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాక చేతికొచ్చేది తక్కువ. పట్టణాల్లో 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సూచించింది, తప్పనిసరి చేయలేదు. పైగా 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. ప్రాక్టీసు చేస్తూ పూర్తికాల జీతం ఉద్యోగమూ చేయకూడదు. అంటే ప్రాక్టీసు రెండో ఏడాదిలోనే కిస్తీ మొదలవుతుంది, జడ్జి జీతం అందుకోవాలంటే నాలుగైదేళ్లు పట్టొచ్చు. ఆ కిస్తీలు మీ దుకాణమే మోయాలి. 12,940ని దుకాణం మోయగలదా, లేదా అన్నదే మీరు ఇప్పుడు తేల్చుకోవాల్సింది. కష్టమనిపిస్తే గడువు 15 ఏళ్లు పెట్టించుకోండి, కిస్తీ 10,440కి తగ్గుతుంది. చేతిలో డబ్బున్నప్పుడు ముందే కట్టేయొచ్చు.

మీ వ్యాపారానికి డబ్బు ఏడాదంతా ఒకేలా రాదు. వానకాలంలో సరుకు ఉద్దెరకు పోతుంది, పత్తి, మిర్చి అమ్ముడైనాకే రైతు బాకీ తీరుస్తాడు. కాలేజీ ఫీజు మాత్రం మీ చేయి ఖాళీగా ఉన్న వానకాలంలోనే అడుగుతారు. అందుకే ఆ 6 లక్షలను 1.2 లక్షల చొప్పున ఐదు డిపాజిట్లుగా విడగొట్టి, ఒక్కోటి ఒక్కో జూన్‌లో మెచ్యూర్ అయ్యేలా పెట్టండి, మధ్యలో విరగ్గొట్టి నష్టపోరు. మిర్చి డబ్బు చేతికందగానే ఏడాది వడ్డీ మొత్తాన్ని వేరే ఖాతాలో వేసేయండి.

బ్యాంకులో బేరం తప్పేది కాగితాల దగ్గర. కాలేజీ ఇచ్చే ఫీజు పత్రంలో ఐదేళ్ల వివరం ఏడాదివారీగా ఉండాలి, హాస్టల్, మెస్ విడిగా రాసి ఉండాలి. లేకపోతే బ్యాంకు ట్యూషన్ ఫీజు వరకే శాంక్షన్ చేసి ఊరుకుంటుంది, తర్వాత పెంచమంటే మళ్లీ మొదటికొస్తుంది. తహసీల్దార్ ఆదాయ ధ్రువపత్రాన్ని మీసేవలో ఇప్పుడే తీయించండి. దుకాణం క్యాష్ క్రెడిట్ (వ్యాపార అప్పు) ఖాతాలో వడ్డీ బాకీ ఉంటే ముందు కట్టేయండి, మీ సిబిల్ స్కోరు (అప్పులు కట్టిన తీరుకు ఇచ్చే మార్కు) చూశాకే ఫైలు కదులుతుంది. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టిన డబ్బుకు రసీదు దాచుకోండి.

రుణంతోపాటు ప్రీమియం ఒకేసారి కట్టే బీమా అంటగట్టి, ఆ ప్రీమియాన్నీ అప్పులోనే కలుపుతామంటారు. వద్దనండి. అంతకంటే మీ పేరున 25 లక్షల టర్మ్ పాలసీ తీసుకోవడం మేలు, ఎందుకంటే కిస్తీ కట్టేది మీరే. రెండో ఏడాది నుంచి బ్యాంకు డబ్బు విడుదల చేసేముందు మార్కుల మెమో అడుగుతుంది. గడువుకు ఇరవై రోజుల ముందే మెమో, ఫీజు డిమాండ్ లెటర్ ఇచ్చి రండి.