ఎంబీబీఎస్ తర్వాత బెర్లిన్ షారిటేలో రీసెర్చి: ఎవరికి రాయాలి, ఏం అడగాలి?

ఎంబీబీఎస్ పూర్తయింది, జర్మన్ ఇంకా రాదు, బెర్లిన్‌లోని విశ్వవిద్యాలయ ఆసుపత్రి షారిటేలో రీసెర్చి చేయాలంటే ఏ డిపార్ట్‌మెంటుకి అప్లై చేయాలి అని అడిగారు. అక్కడ ఆసుపత్రి పేరు మీద అప్లై చేసుకోవడమనేది దాదాపు ఉండదండీ. ఒక ప్రొఫెసర్ నడిపే గ్రూపుకి రాస్తారు. ఆ గ్రూపు చేతిలో ఏ డబ్బు ఉంది, ఎప్పటిదాకా ఉంది అన్నదాన్ని బట్టే మీ కాంట్రాక్టు, థీసిస్, వీసా అన్నీ నడుస్తాయి. కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది డబ్బు దారి.

రోగుల చికిత్సకయ్యే ఖర్చు ఆరోగ్య బీమా సంస్థలు, అంటే క్రాంకెన్‌కాసెలు, ఇస్తాయి. బోధనకీ, పరిశోధనకి కావలసిన కనీస ఏర్పాట్లకీ బెర్లిన్ రాష్ట్రం ఇస్తుంది. ఈ రెండూ కాకుండా పోటీపడి తెచ్చుకునే ప్రాజెక్టు నిధుల్ని ద్రిట్‌మిట్టెల్ అంటారు: డీఎఫ్‌జీ (జర్మనీలో పరిశోధనకి నిధులిచ్చే సంస్థ), సమాఖ్య ప్రభుత్వం, యూరోపియన్ యూనియన్ లాంటి చోట్ల నుంచి వచ్చేవి. కొత్తగా వచ్చే డాక్టరేట్ విద్యార్థుల జీతాలు ఎక్కువగా ఈ మూడో జేబులోంచే. డీఎఫ్‌జీ వారి పెద్ద ఉమ్మడి ప్రాజెక్టులు నాలుగేళ్ళ విడతల్లో నడుస్తాయి, అన్నీ కలిపి 12 ఏళ్ళు మించవు. విడతలో మూడో ఏడు నడుస్తుండగా చేరితే థీసిస్ సగంలో ఉండగానే డబ్బు అయిపోవచ్చు. ఇంటర్వ్యూలో "కాంట్రాక్టు ఎప్పటిదాకా, ప్రాజెక్టు ఎప్పటిదాకా" అని రెండు తేదీలూ విడివిడిగా అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు, అడగకపోతేనే అనుభవం లేదనుకుంటారు.

ప్రకటనలో ఈ13, 65 శాతం అని కనిపిస్తే, ఈ13 అనే జీతాల శ్రేణిలో పూర్తి జీతంలో 65 శాతం అని అర్థం. ల్యాబులో మాత్రం వారం మొత్తం ఉండాలనే చాలా గ్రూపులు అనుకుంటాయి. ఈ లెక్క తెలిసే వెళ్ళండి. ఇలాంటి తాత్కాలిక ఒప్పందాలకు చట్టం ఒక గడువు కూడా పెట్టింది: డాక్టరేట్‌కు ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు, వైద్యరంగంలో అయితే తర్వాత తొమ్మిదేళ్ళు.

ఇక డిగ్రీ. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. డాక్టర్ మెడ్ అనేది వైద్య విద్యార్థులు చాలామంది చదువుతూనే మొదలుపెట్టే చిన్న థీసిస్. మన ఎండీలాంటి స్పెషలిస్టు డిగ్రీ కాదు, పీహెచ్‌డీకీ సాటి రాదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ కూడా వైద్య డాక్టరేట్ ఒక్కటే ఉంటే దాన్ని పీహెచ్‌డీగా లెక్కేయదు. ముందుముందు రీసెర్చిలోనే ఉండాలనుకుంటే పీహెచ్‌డీ కార్యక్రమం ఉన్న గ్రూపు చూసుకోండి. మెడికల్ న్యూరోసైన్సెస్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీ రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మాస్టర్స్‌కి స్టూడెంట్ వీసా మీద వెళ్తే మన దేశం నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనన్న ధ్రువీకరణ) కావాలి, దాన్ని చివరి నెలకి వదిలేయకండి. ఎమ్మెస్సీ చేసినవాళ్ళకి వేరే దారి: షారిటే ల్యాబులో పనిచేస్తూ, డాక్టరేట్ మాత్రం బెర్లిన్‌లోని ఏదో ఒక విశ్వవిద్యాలయపు బయాలజీ విభాగంలో రిజిస్టర్ చేసుకుంటారు.

జర్మన్ మాటకొస్తే, ల్యాబు పనికి ఇంగ్లీషు చాలు. వైద్యం చేయాలంటే మాత్రం కథ వేరు. రోగి మీద చెయ్యి వేయాలంటే అప్రోబాట్సియోన్, అంటే డాక్టరుగా పనిచేసే పూర్తి లైసెన్సు కావాలి, లేదా తాత్కాలిక అనుమతి. దానికి ముందు వైద్యభాషా పరీక్ష ఉంటుంది: 20 నిమిషాలు రోగితో మాట, 20 నిమిషాల్లో కేసు రాత, 20 నిమిషాలు తోటి డాక్టరుతో మాట. సీ1 స్థాయి జర్మన్. మన ఎంబీబీఎస్ అక్కడి చదువుకి సమానమని తేలకపోతే ఆ పైన జ్ఞాన పరీక్ష కూడా పాసవ్వాలి. రీసెర్చికని వెళ్ళి, అక్కడే మెల్లగా డ్యూటీలో చేరదామనుకునేవాళ్ళు జర్మన్ చదువు మొదటి నెల నుంచే మొదలెట్టాలి. తర్వాత ల్యాబు పని వదలదు.

ఆసుపత్రికీ ల్యాబుకీ సంబంధం ఏమిటని కూడా అడిగారు. షారిటే 1710లో ప్లేగు రోగుల కోసం ఊరి బయట కట్టిన ఇల్లు. ప్లేగు బెర్లిన్‌కి రాలేదు. ఇల్లు పేదల ఆసుపత్రి అయింది, 1727లో ఈ పేరొచ్చింది. (ఫ్రెంచి మాట, షారిటే అనే పలకాలి, చారిటీ అంటే అక్కడ నవ్వుతారు.) 1856లో రుడోల్ఫ్ విర్కో అనే వైద్యుడు పాథాలజీ సంస్థకు అధిపతిగా వచ్చి, వార్డులో పోయిన మనిషిలో ఏ కణం ఎలా చెడిందో సూక్ష్మదర్శినిలో చూడటాన్ని పద్ధతిగా నిలబెట్టాడు. రోగి పడకా ల్యాబు బల్లా పక్కపక్కన ఉండటమే ఇప్పటికీ ఆ చోటి బలం. 2020 జనవరిలో షారిటే వైరాలజిస్టు డ్రోస్టెన్ బృందం చేతిలో కొత్త కోవిడ్ వైరస్ నమూనా లేకుండానే, పాత సార్స్ వైరస్ జన్యుక్రమాల ఆసరాతో పీసీఆర్ పరీక్ష తయారుచేసింది. ముందు "E" అనే జీన్‌తో వడపోత, తర్వాత ఇంకో జీన్‌తో నిర్ధారణ.

రోజువారీ పనిలో తప్పులు జరిగేది ఈ పడకకీ బల్లకీ మధ్య దారిలోనే. క్యాంపస్‌లు నాలుగు: మిట్టె, విర్కో, స్టెగ్లిట్జ్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఈశాన్య అంచున బూఖ్. రోగి ఒకచోట, ఫ్రీజర్ ఇంకోచోట. సీరం గొట్టంలో తీసిన రక్తాన్ని అరగంట గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్ చేయాలి. ఆలస్యమైతే కణాలే గ్లూకోజ్ తినేస్తాయి. కుదుపులకి ఎర్రకణాలు పగిలితే పొటాషియం, ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టాలి, ఒక్క పెద్ద గొట్టంలో పెడితే వాడిన ప్రతిసారీ కరిగించాల్సి వస్తుంది. గొట్టం మీద చేతిరాత అసలొద్దు, బార్‌కోడే. అన్నిటికన్నా ముందు సమ్మతి పత్రం: తేదీ లేదనో, పాత వెర్షన్ మీద సంతకం ఉందనో నమూనా పక్కన పడేస్తారు. పేర్లున్న ఎక్సెల్‌ని వాట్సాప్‌లో పంపే మన అలవాటు విమానం ఎక్కేముందే మానుకోండి. అక్కడ రోగి పేరు ఒకచోట, కోడ్ ఇంకోచోట ఉండాలి.

ఎలుకల మీద పని ఉన్న గ్రూపైతే అనుమతి నంబరు వచ్చిందా, ఇంకా దరఖాస్తు దశలోనే ఉందా అని అడగండి. బెర్లిన్‌లో ఆ అనుమతి లాగేసో అనే రాష్ట్ర కార్యాలయం ఇస్తుంది, నెలల పని. (డాక్టర్ల అప్రోబాట్సియోన్ కూడా అక్కడే. ఎలుకకీ డాక్టరుకీ ఒకటే ఆఫీసు.) దానికి తోడు జంతువులతో ప్రయోగాలు చేయడానికి కావలసిన కోర్సు మీరూ చేయాలి. ఈ రెండూ లేకుండా చేరితే మొదటి ఏడాది కంప్యూటర్ ముందే గడుస్తుంది.

మెయిల్ రాసేటప్పుడు ఒక పేజీ దాటొద్దు. "రెస్పెక్టెడ్ సర్" వద్దు, ప్రొఫెసర్ ఇంటిపేరుతో మొదలుపెట్టండి. ఆ గ్రూపు ఈమధ్య వేసిన ఒక పేపర్లో ఏ ప్రయోగం మీకు ఆసక్తి కలిగించింది, అందులో మీ చేతికొచ్చిన పని ఏది (ఫ్లో సైటోమెట్రీనా, ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గణాంకాలా, వార్డులో కేసుల సేకరణా) రెండు మూడు వాక్యాల్లో రాయండి. సీవీ, మార్కుల పత్రాలు, ఇద్దరు రిఫరీల వివరాలు ఒకే పీడీఎఫ్‌లో పెట్టండి. ఒకే మెయిల్‌ని ముప్పైమందికి కాపీ పెట్టి పంపితే తెరిచి చూడరు. రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు లేకపోతే ఇంకో గ్రూపుకి రాయండి.