వీఐలో బాణం కీ నొక్కితే అక్షరాలు పడుతున్నాయా?

‘మా ల్యాబ్‌లో ఉబుంటు, రూమ్మేట్‌ది మ్యాక్. ఫైళ్లు దిద్దడానికి రెండింట్లోనూ వీఐ అనే కొడతాం. మ్యాక్‌లో బాగానే ఉంది, ల్యాబ్‌లో మాత్రం పైబాణం నొక్కితే ఏ అని పడుతోంది. కీబోర్డు పోయిందా?’ అని వైజాగ్ నుంచి ఒకరు అడిగారు.

కీబోర్డు జోలికి పోకండి. మన ఉప్పుగాలికి కీబోర్డులు పాడయ్యే మాట నిజమే గానీ ఇందులో దాని తప్పేం లేదు. వీఐ అన్న పేరు ఒకటే, వెనకున్న ప్రోగ్రాములు వేరు. మ్యాక్‌లో అది విమ్. ఉబుంటుతో పాటు వచ్చేది దాన్ని కుదించిన విమ్ టైనీ. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎన్‌వీఐ, ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లో బిజీబాక్స్ అనే టూల్ ఇచ్చే వీఐ.

పైబాణం నొక్కగానే టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) మూడు బైట్లు పంపుతుంది: ఎస్కేప్, పెద్ద ఓ, పెద్ద ఏ. విమ్ టైనీ పాత వీఐలా నడిచే కంపాటిబుల్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి వాటిని విడివిడిగా చదువుతుంది. ఎస్కేప్‌తో ఇన్సర్ట్ మోడ్ (అక్షరాలు టైప్ చేసే స్థితి) వదిలేస్తుంది. ఓ అంటే పైన కొత్త లైను తెరవమని. ఆ లైన్లో ఏ పడుతుంది. కింది బాణానికి బీ, కుడికి సీ, ఎడమకి డీ. బిల్ జాయ్ వీఐ రాసిన ఏడీఎం-3ఏ అనే పాతకాలపు స్క్రీన్-కీబోర్డు టెర్మినల్‌కి విడిగా బాణం కీలే లేవు, హెచ్, జే, కే, ఎల్ కీల మీదే బాణాలు అచ్చు వేసుండేవి. 1976 నాటి ఆ అలవాటునే ఇప్పటికీ డీఫాల్ట్‌గా ఉంచడం నా దృష్టిలో మొండితనం.

సుడో (అడ్మిన్ హక్కు) ఉంటే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్’ కొట్టండి, గొడవ వదిలిపోతుంది. ల్యాబ్‌లో సుడో ఎవరిస్తారు? హోమ్ డైరెక్టరీలో డాట్ విమ్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలు పెట్టి, మొదటి లైన్లో ‘సెట్ నోకంపాటిబుల్’, రెండో లైన్లో ‘సెట్ బ్యాక్‌స్పేస్=2’ రాయండి. వరస మార్చొద్దు, మొదటిది మిగతా సెట్టింగుల్ని తిరగరాసేస్తుంది. రెండోది లేకపోతే బ్యాక్‌స్పేస్ ఇప్పుడు కొట్టిన అక్షరాలే చెరుపుతుంది, పాతవాటి దగ్గర ఆగిపోతుంది.

ఎన్‌వీఐలో ఇంకో తిరకాసు. యూ నొక్కితే అన్‌డూ. మళ్లీ యూ నొక్కితే ఆ అన్‌డూనే రద్దవుతుంది! ఇంకా వెనక్కి పోవాలంటే చుక్క నొక్కుతూ పోవాలి. కోచింగ్ సెంటర్లలో సేవ్ చేసి బయటపడే కోలన్, డబ్ల్యూ, క్యూ ఒక్కటి నేర్పి పంపేస్తారు, ఇవెవరూ చెప్పరు. సేవ్ అనుకుని కంట్రోల్-ఎస్ కొట్టి, స్క్రీన్ బిగుసుకుపోయిందని టెర్మినల్ మూసేసేవాళ్లు ఎందరో! కంట్రోల్-క్యూ కొడితే అదే కదులుతుంది.

అడగలేదు గానీ, మీ ఇద్దరూ స్క్రిప్టులు ఇచ్చిపుచ్చుకుంటుంటే ఫైళ్లలో మాటలు మార్చే సెడ్ కమాండుతో జాగ్రత్త. ఫైలునే నేరుగా మార్చడానికి ఉబుంటులో మైనస్ ఐ ఒక్కటే రాస్తే చాలు. మ్యాక్‌లో దాని తర్వాత బ్యాకప్ ఫైలు పేరు చివర తగిలించే తోక రాసి తీరాలి. రాయకపోతే మీరిచ్చిన, మాట మార్చే ఎస్ కమాండునే తోక అనుకుని, ఫైలు పేరుని కమాండుగా చదివి ‘ఇన్‌వాలిడ్ కమాండ్ కోడ్’ అంటుంది. మైనస్ ఐకి ఖాళీ లేకుండా ‘డాట్ బాక్’ అంటించండి, రెండుచోట్లా నడుస్తుంది. మిగిలిన బ్యాకప్ ఫైళ్లు తర్వాత ఆర్ఎమ్‌తో తీసేయొచ్చు.