28 ఏళ్లకు ఆటిజం అన్నారు.. మందులతో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 28. మాది విజయవాడ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. పనిలో ఎవరూ వంక పెట్టరు. కానీ నలుగురు కూర్చున్న చోట ఎప్పుడు మాట కలపాలో నాకు తెలియదు. మిక్సీ చప్పుడు, ఘాటైన సెంటు వాసన భరించలేను. ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడే ఓపిక కూడా ఉండదు, లైట్లు ఆపేసి పడుకుంటాను. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఈమధ్య సైకియాట్రిస్ట్‌ను కలిస్తే ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. ‘అది చిన్నపిల్లలకు ఉండేది, నీకేంటి?’ అంటోంది అమ్మ. ఇది మందులతో తగ్గుతుందా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అవతలివాళ్లకు ఈ సంగతి చెప్పాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: ఆటిజాన్ని తగ్గించే మందు లేదమ్మా. ఇది మధ్యలో వచ్చిన జబ్బు కాదు. చూసినవీ విన్నవీ మెదడు గ్రహించే తీరులో పుట్టుకతోనే ఉండే తేడా. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మందుల పేర్లు మీరు ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో విపరీతమైన చిరాకు, దూకుడు ఉంటే వాటిని వాడతారు. అంతేగానీ అవి ఆటిజాన్ని మార్చవు. దీనితో పాటు యాంగ్జైటీ, డిప్రెషన్, నిద్రలేమి చాలామందికి ఉంటాయి. వాటికి మంచి చికిత్స ఉంది. మీకూ ఉన్నాయేమో మీ డాక్టర్‌ను అడగండి, ఉంటే మందులకు వెనకాడొద్దు. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

ఇక అమ్మగారి మాట. ఆటిజం ఉన్న పిల్లలే పెరిగి పెద్దవాళ్లవుతారు. ఆడపిల్లల్లో చాలామంది చిన్నప్పుడు డాక్టర్ల కంట పడరు. బాగా చదివి, అల్లరి చేయకుండా ఓ మూల కూర్చుంటే బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు తప్ప అనుమానించరు. పైగా పక్కవాళ్లు ఎలా నవ్వుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో గమనించి అలాగే చేయడం నేర్చేసుకుంటారు. దీన్నే మాస్కింగ్ అంటారు. ఈసారి డాక్టర్ దగ్గరికి అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఈ నిర్ధారణకు లక్షణాలు చిన్నతనం నుంచే ఉండాలి. మూడేళ్లప్పుడు మీరెలా ఆడుకునేవారో, పెళ్లిలో బ్యాండు మోగితే ఏం చేసేవారో చెప్పగలిగేది ఆవిడే. ‘నీకేంటి’ అనడం వెనక తన పెంపకంలో ఏదో లోపం జరిగిందేమోనన్న భయం కూడా ఉండొచ్చు. ఆటిజం పెంపకం వల్ల రాదు, టీకాల వల్ల రాదు. దీనిలో జన్యువుల పాత్ర ఎక్కువ. ఈ మాట డాక్టర్ నోటి నుంచి వింటే ఆవిడకు ఊరటగా ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ సాయంత్రాల సంగతి. పగలంతా చప్పుళ్లూ వెలుతురూ ఓర్చుకుంటూ, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలని గుర్తు చేసుకుంటూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ నెట్టుకొస్తున్నారు. ఆ అలసట బద్ధకం కాదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే రోజూ చేసే పనులు కూడా చేయలేని స్థితి రావచ్చు. అందరిలా కనిపించడం నేర్పే తరగతుల్లో చేరమని ఎవరైనా అంటే నేనైతే వద్దంటాను. ఆ ఓపికను మీ చుట్టూ ఉన్నవాటిని మార్చుకోవడానికి వాడండి.

రెండు వారాల పాటు ఎక్కడ, ఏ టైములో, దేనివల్ల తల బరువెక్కుతోందో ఫోన్‌లో రాసుకోండి. ప్యాంట్రీ పక్కన సీటా, మధ్యాహ్నం వరుస మీటింగులా, క్యాబ్‌లో పాటలా? ఏదో ఒకటి తేలుతుంది. ముందు దాన్ని మార్చండి. సీటు మార్చమని అడగొచ్చు, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు, నోటితో చెప్పిన పనిని మెయిల్‌లో కూడా పంపమనవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఆటిజాన్నీ గుర్తించింది. సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మీ కంపెనీలో అదెలా ఉందో హెచ్‌ఆర్‌ను అడగండి. ఆటిజం సంగతి ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం.

ఇంటికి రాగానే గంటసేపు ఎవరూ పలకరించవద్దని చెప్పేయండి. మిక్సీ వేసే ముందు ఓ మాట చెప్పమనండి, మీరు పక్క గదిలోకి వెళ్లొచ్చు. ఫంక్షన్లకు వెళ్లడం పూర్తిగా మానేయక్కర్లేదు. ముహూర్తం వేళకు వెళ్లి, అక్షింతలు వేసి, భోజనాల రద్దీ మొదలయ్యేలోపు బయల్దేరండి. వేళ్లు ఆడించడం, కాలు ఊపడం లాంటి అలవాట్లుంటే బలవంతంగా ఆపుకోకండి, వాటితో మనసు కుదుటపడుతుంది. గంటల తరబడి మునిగిపోయే ఇష్టమైన పని ఉన్నా అంతే, దాన్ని వృథా అనుకోకండి.

పెళ్లి విషయానికొస్తే, చెప్పాలి. మధ్యవర్తికో, మొదటి చూపుల్లోనే పది మంది ముందో అక్కర్లేదు. ఇద్దరికీ నచ్చి, మాటలు ఖాయం కాకముందు, నేరుగా ఆ అబ్బాయికే చెప్పండి. పెద్ద పెద్ద పదాలు వద్దు. ‘నాకు ఆటిజం ఉంది. చప్పుళ్లు ఎక్కువైతే కాసేపు ఒంటరిగా కూర్చుంటాను, అలిగాననుకోవద్దు. మీకు కోపం వస్తే మొహం చూసి కనిపెట్టలేకపోవచ్చు, నోటితో చెప్పాలి’ అంటే చాలు. పిల్లలకూ వస్తుందా అని అతను అడగవచ్చు. అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువే గానీ, తప్పకుండా వస్తుందని లేదు.

చివరగా ఒక జాగ్రత్త. వారాలు గడిచినా అలసట తీరకపోయినా, నిద్ర పూర్తిగా చెదిరినా, బతకాలనిపించకపోయినా వెంటనే మీ సైకియాట్రిస్ట్‌ను కలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లో మాట్లాడటం కష్టమనిపిస్తే చెప్పదలచుకున్నది ముందే కాగితం మీద రాసుకుని చదివేయండి.