కెమెరా ముందుకి రానివ్వని పిల్లల కథ

ప్రశ్న: హెయిర్‌స్ప్రే లైవ్ ఈమధ్యే చూశానండి. పౌర హక్కుల మీద వచ్చిన స్టేజ్ మ్యూజికల్‌ని టీవీకి తెస్తే పలచబడిపోతుంది అంటోంది మా ఫ్రెండ్. నాకేమో ఏడుపొచ్చేసింది. ఎవరు కరెక్ట్?
- ఒక పాఠకురాలు

జవాబు: మీకు ఏడుపు రావడం కరెక్టేనండి, మీ ఫ్రెండ్ మాటలోనూ కొంత నిజముంది. అసలు ఈ కథే టీవీ గురించి కదా. 1962, అమెరికాలోని బాల్టిమోర్, ఒక టీవీ డాన్స్ షో, అందులో ఆడేది తెల్లపిల్లలే, నల్లజాతి పిల్లలకి నెలకో రోజు విడిగా పడేస్తారు, అందరూ కలిసి ఆడాలని ట్రేసీ అనే అమ్మాయి పట్టుబడుతుంది. 2002లో బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్ పెద్ద థియేటర్లకి వచ్చినప్పుడు ఆ స్టూడియో స్టేజీ మీద ఒక సెట్టు, అంతే. 2016 డిసెంబర్‌లో ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ ఛానల్ లైవ్ వేసినప్పుడు మాత్రం ఆ పిల్లల్ని ఏ కెమెరా ముందుకి రానివ్వలేదో అలాంటి కెమెరాలోంచే మనం వాళ్ళని చూస్తున్నాం, థియేటర్‌లో ఎంత బాగా వేసినా ఇది రాదు.

నల్లజాతి పిల్లల రోజున షో నడిపే మేబెల్ పాటకీ అంతే. స్టేజీ మీదైతే బాల్కనీలో ఆఖరి సీటు దాకా అందాలి, టీవీలో ఆ వేషం వేసిన జెన్నిఫర్ హడ్సన్ కళ్ళు చూస్తే చాలు. పోయేది చప్పట్లు. హాల్లో ఆ పాట అయ్యాక జనం చప్పట్లు ఆగేదాకా నాటకం ఆగుతుంది, టీవీకి అంత టైం ఉండదు, యాడ్స్ కాచుకుని ఉంటాయి.

నా బాధ ఇంకోటి. ఈ కథ వెనక నిజంగానే ఒక షో ఉంది, బడ్డీ డీన్ షో, 1957లో బాల్టిమోర్‌లోనే మొదలైంది. 1963లో నల్లజాతి కుర్రాళ్ళు, తెల్ల కుర్రాళ్ళు కలిసి స్టూడియోలోకి వెళ్ళి లైవ్‌లో కలిసి డాన్స్ చేశారు. ఎంత ధైర్యం కావాలండీ దానికి! టీవీ స్టేషన్ వాళ్ళు అందర్నీ కలిపి ఆడించే బదులు 1964 జనవరిలో ఏకంగా షోనే ఎత్తేశారు. మ్యూజికల్‌లో మాత్రం అందరూ కలిసి ఆడుతుంటే తెర పడుతుంది. ఆ ముగింపు తప్పని నేననను, జరగాల్సింది అదే కదా. కానీ టీవీ ముందు కూర్చున్న పిల్లలు నిజంగానే అలా జరిగిందనుకుంటే ఎలా? చివర పేర్లు పడేముందు అసలు షో ఎలా ఆగిపోయిందో రెండు లైన్లు వేస్తే చాలు, ఇలాంటి నాటకాన్ని టీవీకి తీసేవాళ్ళు ఇంకేం మార్చినా మార్చకపోయినా ఆ పని చెయ్యాలి.

మీ ఫ్రెండ్‌కి ముందు ఈ సంగతి చెప్పండి, తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ ఆఖరి పాట ఇంకోసారి చూడండి.